గిద్దలూరుకు చెయ్యిగా వెళ్లిన రోజులు

మొన్న వానలు వెలిసిన తరువాత మా దూరపు బంధువుల అమ్మాయి ఒకతె నన్ను చూడటానికి వచ్చింది. కళ్ల డాక్టరు చదువు అప్పుడే పూర్తయింది. ఏ ఊళ్లో ప్రాక్టీసు పెట్టాలి, ఏ మిషన్లు కొనాలి, అద్దాల దుకాణం కూడా మనమే పెట్టుకుంటే మేలా అని చాలాసేపు అడిగింది. నాకు తోచింది చెప్పాను. నా కాలపు సలహాలు ఇప్పుడు ఎంతవరకు పనికొస్తాయో నాకు నమ్మకం లేదు. ఆ పిల్లకూ లేదని మొహం చూస్తే తెలిసింది. లేచి చెప్పులు వేసుకుంటూ, "అవ్వా, డాక్టరే మంచాన పడితే ఎట్ల? తలుపు మూసుకోవాల్సిందేనా?" అని అడిగింది.

అడిగిన వాటన్నిట్లోకి అసలు ప్రశ్న అదే. గుమ్మం దగ్గర నిలబెట్టి చెప్పే జవాబు కాదు. బస్సుకు టైమైందని ఆ పిల్ల వెళ్లిపోయింది. నేను మాత్రం ఆ రోజంతా గిద్దలూరు వరండాలోనే ఉండిపోయాను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ వరండా మీద నాకు ఇంత బెంగ ఉందని నాకే తెలియదు.

నేను ఎల్.ఎం.పి., అంటే ఆ కాలపు డాక్టరు డిప్లొమా, చదివినదాన్ని. మా అమ్మా నాయనా కొనకనమిట్ల దగ్గర పల్లెలో కూలికి పోయేవాళ్లు. నా బడి, హాస్టలు, వైద్యం చదువు అన్నీ మిషన్ వాళ్ల చలవే. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి, జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. నేను ఎక్కిన మెట్లు, నాకు కప్పిన శాలువాలు ఇక్కడ రాయను. వాటివల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

మా పల్లెల కళ్లు

పుస్తకంలో చదివిన కళ్ల జబ్బులు వేరు, మా దగ్గరికి వచ్చినవి వేరు. మార్కాపురంలో పలకరాయి చీల్చేవాళ్ల కళ్లలో రాతి నలకలు ఉండేవి. కంది చేలో వంగి పనిచేస్తుంటే మోడు గుచ్చుకున్న కళ్లు వచ్చేవి. కళ్లకలకకు ముందు చనుబాలు పిండి, తరువాత ఆకు పసరు పోసి, కన్ను తెల్లబడ్డాక చంకనేసుకొచ్చే పిల్లలైతే లెక్కే లేదు. "ముందే ఎందుకు తీసుకురాలేదు?" అని తల్లుల మీద కసరడం నాకు మొదట్లో బాగా అలవాటు.

మా మిషన్ ఆసుపత్రి పెద్ద డాక్టరు ఒక దొరసాని. మహా కోపిష్టి. టీ చల్లబడితే కప్పుతో సహా కిటికీలోంచి విసిరేసేది. ఆమె ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, నువ్వు కసిరితే పోయిన కన్ను తిరిగి వస్తుందా అని అడిగింది. రాదన్నాను. అయితే ఆ మాట ఎవరి కోసం అంటున్నావు అంది. ఆమె తెలుగు వంకర టింకరగా ఉండేది గానీ ఆ ప్రశ్న మాత్రం సూటిగా వచ్చి తగిలింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు రోగికి చెప్పే ప్రతి మాటనూ అట్లా ఒకసారి ఎదురు ప్రశ్న వేసుకోవడం మంచిది.

రోగికి నిజం ఎట్లా చెప్పాలో ఆమె దగ్గర బాగానే నేర్చుకున్నాను. మాలో ఒకరికి మేము ఎట్లా చెప్పాలో మాత్రం ఏ దొరసానీ నేర్పలేదు.

శెట్టి నిధి

కళ్ల పని చేసేవాళ్లకు అప్పట్లో ఒక సహాయ నిధి ఉండేది. దానికి ఏదో పొడుగాటి పేరు ఉండేది గానీ ఎవరూ అట్లా పిలిచేవాళ్లు కాదు. మార్కాపురంలో కళ్లద్దాల దుకాణం ఉన్న రామయ్య శెట్టిగారు దాన్ని నడిపేవారు కాబట్టి మాకది శెట్టి నిధి. కళ్లు చూసే డాక్టర్లు, కాంపౌండర్లు, అద్దాలు అరగదీసేవాళ్లు, పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగి కళ్లజోళ్లు అమ్మేవాళ్లు అందరూ అందులో సభ్యులే. డాక్టరూ, పెట్టె మనిషీ ఒకే చాప మీద కూర్చోవడం ఆ రోజుల్లో నేను అక్కడే చూశాను.

మొదట్లో వాళ్లు కూడా అందరిలాగే, కష్టంలో ఉన్న మనిషి చేతిలో డబ్బు పెట్టేవాళ్లట. కంభంలో ఒక కాంపౌండరుకు అట్లాగే పెట్టారు. ఆ తరువాత ఆయన మీటింగులకు రావడం మానేశాడు, శెట్టిగారు ఎదురైతే సందులోకి తిరిగేవాడు, చివరికి జబ్బు నయమైనా తలుపు తెరవలేదు. శెట్టిగారిని అది చాలా బాధపెట్టింది. అప్పటినుంచి డబ్బు పంపడం మానేసి మనిషిని పంపడం మొదలుపెట్టారు. దాన్నే చెయ్యి పంపడం అనేవాళ్లు.

అంటే, మాలో ఒకరు మంచాన పడితే ఇంకొకరు వెళ్లి ఆయన తలుపు ఆయన వేళకే తెరవాలి. ఆయన బోర్డు కిందే, ఆయన పేరు మీదే రోగులను చూడాలి. వచ్చింది ఆయన డబ్బాలోనే వెయ్యాలి. వెళ్లినవాళ్ల తిండి, బండి ఖర్చు నిధిది. ఆయన కుర్చీలో మాత్రం కూర్చోకూడదు, పక్కన పీట వేసుకోవాలి. ఏ కాగితం మీదా రాసుకోని పద్ధతి ఇది. అయినా ఎవరూ తప్పేవాళ్లు కాదు.

పామూరులో పెట్టె మనిషి ఒకాయన కాలు విరిగితే, ఆయన బదులు తిరగడానికి మార్కాపురం నుంచి ఒకతన్ని పంపారు. కళ్లజోళ్లమ్మా అని ఆయన వేసే కేక ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ గుర్తు. కొత్త మనిషి కేక వేస్తే ఆడవాళ్లు తలుపు తీయలేదు. మంచం మీద ఉన్నాయన ఇతన్ని ఎదురుగా నిలబెట్టుకుని, రాగం ఎక్కడ లాగాలో, ఎక్కడ తుంచాలో నేర్పించాడట. పది ఇళ్లవాళ్లు గోడ మీదనుంచి చూస్తూ నవ్వారట. ఆ తరువాత వారం తలుపులు తెరుచుకున్నాయి. గొంతు జలుబు చేసిందా అన్నా అని అడిగారు గానీ, జోళ్లు కొన్నారు.

ఇంత మంచి పద్ధతిలో ఒక మెలిక ఉంది. చెయ్యి అనేది మనిషి తిరిగి లేచేదాకానే. ఇక లేవడని తేలితే చెయ్యిని వెనక్కి పిలవాలి, ఎందుకంటే ఉన్న కొద్దిమందీ ఇంకో చోట కావాలి. అప్పుడు తలుపు మూతబడుతుంది, ఆ మనిషి ఇంటికి నెల నెలా గింజలు వెళతాయి. శెట్టిగారే పెట్టిన రూలు అది. గిద్దలూరులో ఆయన మెడకే చుట్టుకుంది.

యేసేబు డాక్టరు

గిద్దలూరు స్టేషన్ రోడ్డులో యేసేబు డాక్టరుగారి చిన్న ఆసుపత్రి ఉండేది. ముందు వరండా, మధ్యలో రోగులను చూసే గది, పక్కన ఆపరేషన్ గది, వెనక ఆయన ఉండే గది. సాయానికి ఒక కాంపౌండరు ఉండేవాడు. శుక్లం తీయడంలో ఆయన చెయ్యి అంత తేలిక చెయ్యి ఈ తాలూకాల్లో లేదని మా దొరసాని కూడా ఒప్పుకునేది. ఆమె ఒకరిని మెచ్చుకోవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

ఆయన తన కళ్లలోనే శుక్లం మొదలైందని, అది ముదిరేదాకా చెయ్యి పంపమని, ముదిరాక తీయించుకుని మళ్లీ కుర్చీలో కూర్చుంటానని శెట్టిగారికి కబురు చేశాడు. దొరసాని నన్ను అరువు ఇచ్చింది. ట్రంకు పెట్టె, పీట పట్టుకుని మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కాను.

ఆయన భార్య మా పక్క ఊరి ఆడపడుచు, పోయి చాలా కాలమైంది. ఆ వరసన నేను ఆయన్ని చిన్నాయనా అన్నాను. ఆయన తడుముకుంటూ వచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, వేలి కొసలతో నా నుదురు తడిమి, అమ్మా నాయనా బాగుండారా అని అడిగాడు. అప్పుడే ఆయన కళ్లు దగ్గరగా చూశాను. పెద్దగా విప్పుకున్న కంటిపాపల వెనక పచ్చటి ఛాయ ఉంది. అది శుక్లం కాదు. మేము నీటికాసులు అనే జబ్బు అది. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకనున్న నరాన్ని చంపేస్తుంది. ముందుగా పట్టుకుంటే మందో ఆపరేషనో ఉన్న చూపును కాపాడుతుంది. పోయిన చూపు మాత్రం తిరిగి రాదు. ఆయనకు అప్పటికే చాలా పోయింది. ఎదురుగా చిన్న సందులోంచి చూసినంత మిగిలి ఉంది.

వచ్చిన మొదటి రోజున, అంతటి మనిషికి, నా నోటితో ఎట్లా చెప్పేది?

రోజంతా నేను రోగులను చూస్తుంటే ఆయన వరండాలో బల్ల మీద కూర్చుని, తలుపులోంచి వినేవాడు. సాయంత్రం దీపాలు పెట్టకముందు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ రోజు వచ్చిన కళ్లన్నీ చెప్పించుకునేవాడు. కన్ను ఎర్రగా ఉందంటే ఒప్పుకునేవాడు కాదు. "యాడ ఎరుపు? నల్లగుడ్డు చుట్టూనా, మూలల్లోనా? రక్తం ఎరుపా, ఇటికె ఎరుపా?" అని తరచి తరచి అడిగేవాడు. నాకు తెలియకపోతే రేపు మళ్లీ చూసి చెప్పమనేవాడు. కాలేజీలో నేను చూడటం నేర్చుకోలేదు, ఆ వరండాలో నేర్చుకున్నాను. రోజూ సాయంత్రం పరీక్ష ఉంటుందని తెలిస్తే పొద్దున్నే కళ్లు బాగా పనిచేస్తాయి.

ఒకరోజు పసిబిడ్డ కన్ను గురించి చెప్తున్నాను. నల్లగుడ్డు రంగు ఎట్లుండాది అని అడిగాడు. జబ్బుకూ ఆ రంగుకూ సంబంధం లేదు. తేనె రంగు, అంచున కొంచెం నలుపు అన్నాను.

"భూతద్దం పెట్టి చూస్తే ఆ తేనెలో నూలుపోగుల మాదిరి కనపడతాయి సుగుణా. ఎవురి కంట్లో పోగులు వాళ్లవి. ఎన్ని వేల కండ్లు చూసినానో, రెండు ఒక తీరుగా ఉండేవి చూడలేదు. ఒక్కసారి చూడాలని ఉండాది" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. అప్పుడే పక్కింట్లో దీపం పెట్టారు. దాని చుట్టూ రంగుల గుండ్రాలు కనపడుతున్నాయి, నీకూ కనపడుతున్నాయా అని అడిగాడు. నీటికాసుల గుర్తు అది; మా వృత్తిలో ఆ ప్రశ్న రోగిని మేము అడగాలి. గాలికి మసక మసకగా ఉంది చిన్నాయనా అని ఏదో అనేశాను.

కొత్త జోళ్లు

శెట్టిగారు నెలకోసారి గిద్దలూరు వచ్చేవారు. వచ్చినప్పుడల్లా ఒక కొత్త కళ్లజోడు తెచ్చేవారు. యుద్ధం రోజులు, మంచి అద్దం దొరకడమే గగనం. అయినా ఎక్కడో పట్టేవారు. "ఏంది డాక్టరయ్యా, ఈసారి నంబరు మార్చి తెచ్చినా, పెట్టుకొని చూడు" అనేవారు. యేసేబు డాక్టరు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, కొంచెం మేలే శెట్టీ అనేవాడు. ఇద్దరూ ఉప్మా తినేవాళ్లు. కంభం నుంచి డాక్టరొకాయన వచ్చాడు, ఆయన చుక్కల మందు తెచ్చాడు. ఇంకొకాయన బలానికి టానిక్కు తెచ్చాడు. అందరూ కళ్ల వాళ్లే. గుమ్మంలో అడుగు పెట్టగానే అందరికీ తెలుస్తుంది. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఒకసారి శెట్టిగారిని రైలెక్కించడానికి వెళ్లి, మీకు తెలియదా అని అడిగేశాను. ఆయన ప్లాట్‌ఫారం మీద మూట కిందపెట్టి నిలబడ్డారు.

"నలభై ఏండ్లు అద్దాలు అమ్మినోన్ని, తెలవకుండా ఉంటాదా తల్లీ? చెప్పినామంటే ఇంక లేవడని తేలినట్టే. నిన్ను వెనక్కి పిలవాల, తలుపు మూయాల. నేను పెట్టిన రూలే గదా. గింజలు పంపిస్తే ఆయప్ప తింటాడా? శుక్లం అన్నంతకాలం తలుపు తెరిచి ఉంటాది. అననీ."

ఆయన తప్పని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తుంది. మా దగ్గరికి వచ్చే ఏ కూలిమనిషికైనా మేము అట్లా అబద్ధం చెప్పం. ఇంకో ఊరు, ఇంకో డాక్టరు అని తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుంటారని ముందే చెప్పేస్తాం. మా మనిషి దగ్గరికి వచ్చేసరికి అందరం చుట్టాలమైపోయాం, ఒక్కరం కూడా డాక్టరుగా మిగలలేదు. పైగా మనసులో ఇది మంచితనమే అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

నరసమ్మ

నల్లమల అంచున ఒక చిన్న పల్లె నుంచి నరసమ్మ వచ్చింది. అడవిలో ఆకు తెచ్చి విస్తర్లు కుట్టి గిద్దలూరు సంతలో అమ్ముకునే మనిషి. ఒక కన్ను ఎన్నడో పోయింది. ఊళ్లమ్మట తిరిగే సూది వైద్యుడు ఒకడు శుక్లం దించుతానని గుచ్చితే చీము పట్టి పోయిందట. మిగిలిన కంట్లో శుక్లం బాగా ముదిరింది. వెలుగు, నీడ తప్ప తెలియడం లేదు. పుల్ల ఆకులో కాకుండా వేలిలో దిగుతోందని చేతులు చూపించింది. వేళ్లన్నీ పొడుచుకుని ఉన్నాయి.

ఆపరేషన్ నేను చేస్తానన్నాను. ఒప్పుకోలేదు. ఆ కన్ను ముదిరినాక నేనే తీస్తానని యేసేబు డాక్టరు ఏనాడో మాట ఇచ్చాడట. "ఉండేది ఒక్కటే కన్ను తల్లీ. ఆయప్ప చేతనే తీయించుకుంటా. లేదంటావా, ఇట్లనే సచ్చిపోతా" అంది. నా వయసు చూసి అన్న మాట. నాకు కోపం రాలేదు. వాళ్ల చూపు మీద వాళ్లకు ఆ మాత్రం భయం ఉండాలి.

యేసేబు డాక్టరు వరండాలోంచి అంతా విన్నాడు. లోపలికి వచ్చి, నేనే తీస్తా నరసమ్మా, రేపు పొద్దున తల అంటుకొని రా అన్నాడు. ఆమె నవ్వుతూ వెళ్లిపోయింది.

ఏమీ తెలియనట్టు ఆయన నన్ను కసాయి దుకాణానికి పంపి మేక కన్ను తెప్పించాడు. కత్తి పట్టడం నేర్చుకునేవాళ్లు ముందు మేక కంటి మీదే చెయ్యి తిప్పుకుంటారు. చానా రోజులయింది, చెయ్యి చూసుకుంటా అన్నాడు. గిన్నెలో తడిగుడ్డ మీద కన్ను పెట్టి కిటికీ దగ్గర బల్ల వేశాను. కత్తి అందించాను. ఆయన ఎడమ చేతి వేళ్లతో కన్నును తడిమి పట్టుకుని, కుడి చేతితో కోశాడు. చెయ్యి వెంట్రుకవాసి కూడా వణకలేదు. అంత అందమైన కోత నేను మళ్లీ చూడలేదు. కాకపోతే కత్తి దిగాల్సింది నల్లగుడ్డు అంచున. గోరంత పక్కన, లోపలికి దిగింది. నరసమ్మ కన్నయితే ఆ గోరంతతో పోయేది.

"అంచున్నే దిగిందా సుగుణా?" అని అడిగాడు.

దిగిందని అంటే రేపు పొద్దున నరసమ్మ బల్ల మీద పడుకుంటుంది. లేదంటే ఈ ఇంటి తలుపు మూతబడుతుంది.

"లేదు చిన్నాయనా. పక్కన దిగింది" అన్నాను.

ఆయన కత్తిని మెల్లగా గిన్నెలో పెట్టాడు. చేతులు కడుక్కున్నాడు. నా ఎదురుగా కూర్చుని రెప్పలు మూసుకుని, "నొక్కి చూడు" అన్నాడు. రెండు చూపుడు వేళ్లు రెప్ప మీద పెట్టి ఒత్తిడి చూడటం మాకు మొదట నేర్పే పాఠం. మంచి కన్ను వేలి కింద మెత్తగా కదులుతుంది. ఆయన కన్ను కదల్లేదు.

"చెప్పు. రోగికి చెప్పినట్టు చెప్పు."

"నీటికాసులు. రెండు కండ్లలోనూ. చానా ముదిరింది చిన్నాయనా. పోయిన చూపు రాదు."

చెప్పేసి వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయనే నా వీపు నిమిరాడు.

"నాకు తెలుసు తల్లీ. మీకందరికీ తెలుసని కూడా తెలుసు. నా కన్ను నేను నొక్కి చూసుకోలేనా? మేక కన్ను నీ నోట చెప్పించేదానికే తెప్పించినా. శెట్టి జోడు తెచ్చినప్పుడల్లా, ఈసారన్నా చెప్తాడేమో అని కూచుంటాంటి. ఎందరో వచ్చినారు, పండ్లు తెచ్చినారు, మందులు తెచ్చినారు. ఒక్కరూ నా ఎదురుగా కూచోని నా కన్ను చూడలేదు."

మరి మీరే ఎందుకు చెప్పలేదు అని అడిగాను. పొద్దున్నే నువ్వు తలుపు తీసే చప్పుడు వినాలని ఆశ, అన్నాడు.

తల పట్టుకున్న చెయ్యి

మరునాడు నరసమ్మ తల అంటుకుని వచ్చింది. ఆయన ఆమె పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. నా కండ్లు పోయినాయి నరసమ్మా, మాట తప్పుతుండా, ఈయమ్మ తీస్తాది, తల నేను పట్టుకుంటా అన్నాడు. తల ఇడిసి పెట్టవు గదా అని ఆమె ఒక్కటే అడిగింది.

ఆ రోజుల్లో మత్తు అంటే కంట్లో చుక్కలే. మనిషి మెలకువగానే ఉంటాడు. తల కదిలితే అంతే సంగతులు. ఆయన ఆమె తలవైపు కూర్చుని రెండు అరచేతుల్లో తల పట్టుకుని, ఏ కాలంలో ఏ ఆకు మెత్తగా ఉంటుందని అడుగుతూ మాట్లాడిస్తున్నాడు. నేను కోత పూర్తిచేసి శుక్లం తీయబోతుండగా ఉన్నట్టుండి ఆపు అన్నాడు. చెయ్యి వెనక్కి తీశాను. మరుక్షణం నరసమ్మ దగ్గింది. దగ్గు రాబోతోందని ఆయన అరచేతులకు ముందే తెలిసింది. నేను ఒక్కదాన్నే ఉండి ఉంటే ఆ కన్ను దక్కేది కాదు.

ఈ సంగతంతా విని శెట్టిగారు పరుగున వచ్చారు. జోడు తేలేదు. వరండాలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. లోపలికి వచ్చేసరికి ఇద్దరి కళ్లూ తడిగా ఉన్నాయి. తరువాత నిధి మీటింగులో శెట్టిగారు తన రూలు తానే తీసేశారు. లేవలేని మనిషికి కూడా చేయదగ్గ పని ఉంటే ఆ పనికే ఆయన్ను చెయ్యిగా పంపాలన్నారు. అట్లా యేసేబు డాక్టరు కంభం, మార్కాపురం, ఎక్కడ ఆపరేషన్లున్నా తల పట్టుకోవడానికి వెళ్లేవాడు. కొన్నేళ్లకు వెలుగు కూడా తెలియకుండా పోయింది. రైలు దిగగానే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు. నేను మిషన్ ఉద్యోగం వదిలి గిద్దలూరులోనే ఉండిపోయాను. తన కుర్చీలో కూర్చోమని ఆయనే అన్నాడు. ఆ రోజు గురించి ఇంకేమీ రాయను.

ఆ పిల్ల అడిగినదానికి నా జవాబు ఇదే. మూసుకోనక్కర్లేదు, నీ వాళ్లు నలుగురు ఉంటే. ఆ నలుగురూ ఇప్పటినుంచే కావాలి, మంచాన పడ్డాక దొరకరు. వాళ్లు డబ్బిస్తే తీసుకో, మనిషిని పంపితే ఇంకా మేలు. అన్నిటికంటే ముందు, నీ ఎదురుగా కూర్చుని నీ కన్ను చూసేవాళ్లుండాలి. ఆ మాట రాస్తుంటే నాకు ఆయన మీద ఎంత బెంగగా ఉందో చెప్పలేను. నా సాయంత్రాలు ఇప్పుడు ఖాళీగా ఉంటాయి. ఈ రోజు ఏం చూశావు అని అడిగేవాళ్లు లేరు.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. నరసమ్మ కన్ను కుదురుకున్నాక, అద్దాలు పెట్టే రోజు వచ్చింది. శుక్లం తీసిన కంటికి మందపాటి అద్దం పెడితేనే చూపు ఆనుతుంది. శెట్టిగారు స్వయంగా తెచ్చి ఆమె చెవులకు తగిలించారు. ఆమె ముందు తన అరచేతులు చూసుకుంది. కిటికీ బయట చూసింది. నన్ను చూసి, ఇంత చిన్నపిల్లవా నువ్వు అంది. తరువాత ఎదురుగా నిలబడ్డ యేసేబు డాక్టరును కింది నుంచి మీది దాకా చూసింది. ఆ పొద్దున ఆయన చొక్కా గుండీలు ఒక కాజా వదిలేసి పెట్టుకున్నాడు. ఒకవైపు అంచు పైకి, ఒకవైపు కిందకి వేలాడుతోంది. నేను చూశాను. కాంపౌండరూ చూశాడు. శెట్టిగారు రైలు దిగి వచ్చినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు.

"ఏంది డాక్టరయ్యా, గుండీలు తప్పు పెట్టుకున్నావు. ఇంతమంది కండ్లున్నోళ్లు ఉండారు, ఒక్కరన్నా చెప్పలేదా నీకు?" అంది నరసమ్మ.

"లేదు నరసమ్మా, చెప్పలేదు" అన్నాడాయన. ఆయన మొహంలో అంత సంతోషం నేను ఆ ఇంటికి వచ్చాక ఎన్నడూ చూడలేదు. ఆమె లేచి గుండీలన్నీ విప్పి, కింది నుంచి ఒక్కొక్కటీ మళ్లీ పెట్టింది. ఆయన గడ్డం పైకెత్తి కదలకుండా నిలబడ్డాడు. మేము ముగ్గురం తలలు దించుకున్నాం.